పాలీ పొడి మీద నీళ్లు కొట్టకండి

అమ్మా, మీరు రాసిందంతా చదివాను. మూడు నెలల క్రితం ఒక బల్క్ డ్రగ్ కంపెనీ ఈటీపీలో, అంటే వ్యర్థజలాలను శుద్ధి చేసే ప్లాంటులో, ట్రెయినీ కెమిస్ట్‌గా చేరారు. వ్యర్థజలాల్లోని మడ్డిని ముద్ద కట్టించే పాలీ ఎలక్ట్రోలైట్ (పాలీ అక్రిలమైడ్ పొడి, మనం ‘పాలీ’ అనేది దాన్నే) సంచులు మీ షెడ్డులో ఉన్నాయి. సప్లయర్ ఇచ్చే భద్రతా వివరాల కాగితంలో, అంటే డేటా షీట్‌లో, ‘ప్రమాదకర పదార్థం కాదు’ అని ఉంది కాబట్టి ప్రత్యేకంగా జాగ్రత్తలేమీ అక్కర్లేదని మీ మేనేజర్ గారు అంటున్నారు. పోయిన వారమేమో హౌస్‌కీపింగ్ ఆవిడ ఈ పొడిని నీళ్లలో కలిపే డోజింగ్ ట్యాంక్ దగ్గర జారిపడింది, మోకాలు వాచింది. ఇంటర్నెట్‌లో వెతికితే ఈ పొడిని అక్రిలమైడ్‌తో తయారు చేస్తారని, అది క్యాన్సర్ కారకమని కనిపించి మీకు టెన్షన్ పట్టుకుంది. ఎవరి మాట నమ్మాలి, సంచులు ఎక్కడ పెట్టాలి, ఒలికితే ఏం చేయాలి అని అడిగారు.

నేను ఇరవై రెండేళ్లుగా ఈటీపీల్లోనే పని చేస్తున్నాను. మొదట పటాన్‌చెరు వైపు, తర్వాత పరవాడ వైపు. మీ మేనేజర్ గారు అబద్ధం చెప్పలేదు. కాకపోతే డేటా షీట్‌లో రెండో సెక్షన్ దగ్గర ఆగిపోయారు. ఆ కాగితంలో 16 సెక్షన్లు ఉంటాయి. ఒలికితే ఏం చేయాలన్నది ఆరో సెక్షన్‌లో, ఎలా వాడాలి, ఎలా నిల్వ చేయాలన్నది ఏడులో, దేనితో కలవకూడదన్నది పదిలో ఉంటుంది. ఏ కంపెనీ పాలీ అక్రిలమైడ్ షీట్ తీసినా, నీళ్లు తగిలితే నేల విపరీతంగా జారుతుందన్న హెచ్చరిక ఎక్కడో ఒకచోట ఉంటుంది. మీ సంచుల మీది పేరుతో షీట్ తెప్పించుకుని ఈ మూడు సెక్షన్లూ ఈ రోజే చదవండి.

ముందు మీ క్యాన్సర్ భయం సంగతి చూద్దాం. అక్రిలమైడ్ వేరు, పాలీ అక్రిలమైడ్ వేరు. అక్రిలమైడ్ చిన్న అణువు. నీళ్లలో ఇట్టే కరుగుతుంది, చర్మంలోంచి లోపలికి పోతుంది, నరాలను దెబ్బతీస్తుంది. 1994లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే 2ఏ వర్గంలో పెట్టింది. అలాంటి అణువులు లక్షకు పైగా ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి గొలుసుగా, అంటే పాలిమర్‌గా మారితే అది మీ సంచిలో ఉన్న పొడి. అంత పెద్ద గొలుసు చర్మంలోంచి దూరలేదు, పొరపాటున కడుపులోకి పోయినా ఒంటికి పట్టదు.

ఈ తేడా ఎంత పెద్దదో స్వీడన్‌లో 1997లో తెలిసింది. హాలండ్‌సోస్ అనే చోట రైలు సొరంగం తవ్వుతూ, నీటి ఊటలు మూయడానికి అక్రిలమైడ్ ఉన్న ద్రావణాన్ని రాతి పగుళ్లలోకి పంపారు. అది గట్టిపడితే పాలిమరే. కానీ పూర్తిగా గట్టిపడకుండానే కొంత వాగులోకి పోయింది. చేపలు చచ్చాయి, ఆ నీళ్లు తాగిన ఆవులకు కాళ్లు పడిపోయాయి, సొరంగంలో పని చేసినవాళ్లకు నరాల ఇబ్బందులు వచ్చాయి. మనకు దగ్గరి ఉదాహరణ 2020 మే 7న విశాఖ దగ్గర వెంకటాపురంలో ఒక ఫ్యాక్టరీలో జరిగిన గ్యాస్ లీకు. అక్కడ 12 మంది ప్రాణాలు తీసింది పాలిమర్ కాదు, పాలీస్టైరీన్ తయారీకి వాడే స్టైరీన్ అనే మోనోమర్, అంటే గొలుసుగా మారని విడి అణువు. అది ట్యాంకులో వేడెక్కి ఆవిరిగా బయటికొచ్చింది. పాలీస్టైరీన్ గుళికలు అదే షెడ్డులో ఏళ్ల తరబడి పడి ఉన్నా ఎవరికీ ఏమీ కాదు.

మరి పొడిలో గొలుసుగా మారకుండా మిగిలిపోయిన అక్రిలమైడ్ అసలు ఉండదా అంటే, కాస్త ఉంటుంది. యూరప్ నిబంధనల ప్రకారం అది 0.1 శాతానికి చేరితే సంచి మీద క్యాన్సర్ హెచ్చరిక వేయాల్సిందే. అందుకే మంచి తయారీదారులు అంతకన్నా తక్కువలో ఉంచుతారు. తాగునీటికి వాడే గ్రేడ్‌కు అమెరికాలో 0.05 శాతమే హద్దు, అదీ లీటరు నీటికి ఒక మిల్లీగ్రాము పాలిమర్ మించకుండా వాడాలి. లెక్క వేస్తే లీటరుకు 0.5 మైక్రోగ్రాములు వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి సూచించిన విలువ కూడా అదే. ఇక్కడ మీకు పనికొచ్చే మాట ఒకటి చెబుతాను. సప్లయర్ ఇచ్చే అనాలిసిస్ సర్టిఫికెట్‌లో మిగులు అక్రిలమైడ్ ఎంతో ఒక లైను ఉండాలి. లేకపోతే అడిగి రాయించుకోండి. క్యాంటీన్ వైపు నీళ్ల ప్లాంటు వాళ్లు ‘ఒక సంచి అప్పు ఇవ్వండి’ అని వస్తే మాత్రం ఇవ్వకండి. ఈటీపీ గ్రేడ్ తాగునీటికి వాడేది కాదు.

ఇక అసలు సంగతి. ఈ పొడి వల్ల మన ప్లాంట్లలో మనుషులకు దెబ్బ తగిలేది విషం వల్ల కాదు, జారి పడటం వల్ల. అదీ చాలాసార్లు మనం శుభ్రం చేద్దామని పోసిన నీళ్ల వల్లే.

2007లో నేను ఒక కంపెనీలో షిఫ్ట్ ఇన్‌చార్జిని. నైట్ షిఫ్టులో సంచి కోస్తుండగా రెండు మూడు గుప్పెళ్ల పొడి ట్యాంక్ ప్లాట్‌ఫామ్ మీద ఒలికింది. పంచదార ఒలికినట్టు తెల్లగా కనిపించింది. పొద్దున ఆడిట్ ఉంది. పైపు పెట్టి కడిగేయమని నేనే చెప్పాను. కడిగారు. నీళ్లు మెట్ల మీదుగా కిందికి పారాయి. ట్యూబ్‌లైటు వెలుతురులో మామూలు తడి నేలలాగే ఉంది. పది నిమిషాల తర్వాత హెల్పర్ ఒకతను సున్నం బస్తా భుజాన వేసుకుని మెట్లెక్కాడు. మూడో మెట్టు మీద పాదం పెట్టగానే కాలు ముందుకు పోయింది, మనిషి వెనక్కి పడ్డాడు. చెయ్యి ఆనించబోతే మణికట్టు విరిగింది. లేపడానికి పరుగెత్తిన నేనూ అక్కడే జారి కూర్చున్నాను. అరచేత్తో నేలను తడిమితే బెండకాయ జిగురులా సాగింది. అతను రోజు కూలీ మనిషి. ఆరు వారాలు కట్టుతో ఇంట్లో ఉండిపోయాడు. ఆ ఆరు వారాల డబ్బు కోసం కాంట్రాక్టర్ చుట్టూ తిరిగితే సగమే ఇప్పించగలిగాను. కడగమని చెప్పింది నేను. ఆ మాట నా మనసులోంచి ఇప్పటికీ పోలేదు.

సబ్జా గింజలు నీళ్లలో వేస్తే ఒక్కో గింజ చుట్టూ గుజ్జు ఊరుతుంది కదా, ఈ పొడి రేణువు కూడా అలాగే ఉబ్బుతుంది. కాకపోతే సబ్జా అక్కడితో ఆగుతుంది, ఇది మెల్లగా కరిగి చుట్టూ ఉన్న నీళ్లన్నింటినీ జిగురు చేస్తుంది. మనం ట్యాంకులో వాడే ద్రావణం 0.1 శాతం, అంటే వెయ్యి లీటర్లకు కిలో. ఆ లెక్కన 25 కిలోల సంచి ఒక్కటి 25 వేల లీటర్ల నీటిని జిగురుగా మార్చగలదు. గుప్పెడు, అంటే ఓ 50 గ్రాములు, 50 లీటర్లకు సరిపోతుంది. నేల మీద పడిన గుప్పెడు పొడిని నాలుగు బకెట్ల నీళ్లతో కడిగితే అది పోదు, నాలుగు బకెట్ల జిగురు అవుతుంది. ఇంకో మోసం ఉంది. ఆ జిగురు ఎండితే సన్నటి పొరగా నేలకు అంటుకుని కంటికి కనిపించదు. మర్నాడు తెల్లవారుజామున మంచు పడినా, చినుకు పడినా మళ్లీ జారుడు మొదలవుతుంది. ‘నిన్న కడిగాం కదా, ఇవాళ ఎందుకు జారింది’ అని మీవాళ్లు అంటున్నది దీని గురించే అని నా అనుమానం.

కాబట్టి ఒలికిన పొడి ఇంకా తడవకపోతే నీళ్ల పైపు దగ్గరికి ఎవరినీ పోనివ్వకండి. మెత్తటి చీపురుతో దుమ్ము లేవకుండా ఊడ్చి, చేటతో ఎత్తి, మూత ఉన్న డబ్బాలో వేయించండి. మిగిలిన సన్నపొడిని పొడి గుడ్డతో తుడిపించండి. చేతులకు అంటితే ముందు పొడి గుడ్డతో దులుపుకుని, ఆ తర్వాతే సబ్బుతో కడుక్కోమనండి.

అప్పటికే తడిసిపోతే ముందు అటూ ఇటూ తాడు కట్టి మనుషుల్ని ఆపండి. పొడి ఇసుక గానీ రంపపు పొట్టు గానీ ధారాళంగా చల్లండి. అది పీల్చుకున్నాక పారతో ఎత్తేయండి. మిగిలిన జిగురు మీద కళ్లుప్పు చల్లి, గట్టి బ్రష్‌తో రుద్దించండి. ఉప్పు ఎందుకంటే, ఈ గొలుసుల మీద ఒకే రకం విద్యుదావేశం ఉంటుంది, అందుకని ఒకదాన్నొకటి నెట్టుకుంటూ చాచుకుని ఉంటాయి. ఉప్పునీళ్లు తగిలితే ఆ నెట్టుడు తగ్గి గొలుసులు ముడుచుకుపోతాయి, జిగురు పలచబడుతుంది. మీరే ఒక బీకరులో పోసి చూడండి, కళ్ల ముందే నీళ్లలా అవుతుంది. అప్పుడు మాత్రమే నీళ్లు, అవీ బాగా. ప్లాట్‌ఫామ్ ఇనుముదైతే ఉప్పు మిగలకుండా కడగాలి, లేకపోతే తుప్పు పడుతుంది. హైపో (సోడియం హైపోక్లోరైట్ ద్రావణం) పోస్తే తొందరగా పోతుందని కొందరు సలహా ఇస్తారు. హైపో గొలుసులను తెంపే మాట నిజమే. కానీ ఆసిడ్ లైన్లు పక్కనే ఉండే ఈటీపీలో నేల మీద హైపో పోయడం నేను ఒప్పుకోను. రెండూ కలిస్తే క్లోరిన్ వస్తుంది.

కడిగిన నీళ్లు ప్లాంటు ఇన్లెట్‌కే పోవాలి, వాన కాలవలోకి పోనివ్వకండి. ముఖ్యంగా మీది కాటయానిక్ గ్రేడ్ అయితే. ధన ఆవేశం ఉన్న ఆ గొలుసులు చేపల మొప్పలకు అతుక్కుని ఊపిరాడనివ్వవు. మనిషికి హాని చేయనిది చెరువుకు చేస్తుంది.

షెడ్డు గురించి అడిగారు. మీరు వర్ణించిన షెడ్డులో నాకు అన్నింటికన్నా భయం వేసింది ఒక్క వాక్యానికి: ‘పాలీ సంచుల పక్కనే హైడ్రోజన్ పెరాక్సైడ్ క్యాన్లు, వెనక బ్లీచింగ్ పౌడర్’. వాటిని విడదీయడం రేపటి దాకా ఆగకూడని పని. పాలిమర్ సేంద్రియ పదార్థం, పైన ప్లాస్టిక్ సంచి, కింద చెక్క ప్యాలెట్. 50 శాతం పెరాక్సైడ్ క్యాన్ మూత దగ్గర కారి, ఆ చెక్కలోకి, సంచిలోకి ఇంకితే దానంతటదే వేడెక్కి అంటుకోవచ్చు. బ్లీచింగ్ పౌడర్‌దీ అదే స్వభావం. పాలిమర్ తనంతట తాను ప్రమాదకరం కాకపోయినా, పక్కన పెట్టినదాన్ని బట్టి ప్రమాదంలో భాగమవుతుంది. ఇలా మంట రేపే ఆక్సిడైజర్లన్నీ వేరే గదిలో, వేరే బండ్‌లో (కారినది బయటికి పోకుండా కట్టిన గట్టు లోపల) ఉండాలి. మధ్యలో గీత గీసి ‘అటు అది, ఇటు ఇది’ అంటే సరిపోదు.

సున్నం పక్కన ఉంటే మంట భయం లేదు. కానీ తెల్లటి పొడులన్నీ ఒకేచోట ఉంటే రాత్రిపూట ఒకటి బదులు ఇంకొకటి వేసేస్తారు. పాలీ అనుకుని చర్మాన్ని కాల్చే కాస్టిక్ ఫ్లేక్స్ డబ్బాలో చెయ్యి పెట్టిన మనిషిని నేను చూశాను. సగం వాడిన సంచిలోని పొడిని పాత డబ్బాల్లోకి మార్చినప్పుడు పేరు, గ్రేడు, తెరిచిన తేదీ రాసి అంటించండి. అనయానిక్ (రుణ ఆవేశం ఉన్నది), కాటయానిక్ రెండూ వాడుతుంటే రెండు రంగుల డబ్బాలు, రెండు వేర్వేరు గరిటెలు పెట్టండి. ఆ రెండూ ఒకే ట్యాంకులో కలిస్తే ఒకదాన్నొకటి పట్టుకుని తీగల్లా ముద్ద కడతాయి, పంపు మూసుకుపోతుంది.

సంచులు ప్యాలెట్ మీద, గోడకు జానెడు ఎడంగా, మనిషి తల దాటని ఎత్తులో పేర్చండి. పై సంచి లాగబోయి పాతిక కిలోలు మీద పడేంత ఎత్తు వద్దు. పొడికి శత్రువు తేమ. మన కోస్తాలో వానాకాలం నాలుగు నెలలూ గాలిలోనే నీళ్లుంటాయి. తెరిచిన సంచి లోపలి లైనర్‌ను మెలితిప్పి తాడుతో కట్టి, మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ములో దించండి. గరిటె ఎప్పుడూ పొడిగా ఉండాలి. తడిచెయ్యి సంచిలో పెట్టారంటే ఆ సంచి సగం పోయినట్టే. ఇక వేడి. రేకుల షెడ్డులో మే నెలలో పైవరుస దగ్గర ఎంత కాగుతుందో మీకు తెలుసు. చాలా షీట్లు 35 లేదా 40 డిగ్రీల లోపు ఉంచమంటాయి. ఆ ఎండ వేడికి పొడి పేలదు, మండదు, కానీ పట్టు తగ్గిపోతుంది. తర్వాత డోసు పెంచుకుంటూ పోతాం. అందుకే ముందొచ్చిన సంచి ముందు వాడండి. గడువు మీద అనుమానం ఉంటే జార్ టెస్ట్ (జాడీల్లో వ్యర్థజలం తీసుకుని పొడి ఎలా పని చేస్తుందో చూసే పరీక్ష) చేసి కొత్త సంచితో పోల్చండి. గడ్డకట్టిన సంచిని సుత్తితో కొట్టి పొడి చేయించకండి, దుమ్ము తప్ప ఏమీ రాదు.

మీ దగ్గర ఉన్నది పొడి కాకుండా పాలలా ఉండే ఎమల్షన్ అయితే నిల్వ కాలం బాగా తక్కువ, కొన్ని నెలలే. అది పొరలుగా విడిపోతుంది, వాడేముందు కలియతిప్పాలి. ఆ డ్రమ్ములోకి, పైపులోకి నీటి చుక్క పోకుండా చూసుకుంటే చాలు.

ట్యాంకులో కలపడం దగ్గర నేను కొత్తవాళ్లకు ఉప్మా గుర్తు చేస్తాను. మరిగే ఎసట్లో రవ్వ గుమ్మరిస్తే ఏమవుతుంది? పైన ఉడికినట్టు ఉండి లోపల పచ్చిగా ఉండలు కడుతుంది. ఒక చేత్తో చల్లుతూ ఇంకో చేత్తో కలపాలి. పాలీ కూడా అంతే. స్టిరర్ తిరుగుతుండగా, నీళ్లలో లేచే సుడి అంచు మీద పడేట్టు, కిలో పొడిని పది నిమిషాలకు తగ్గకుండా చల్లాలి. గుమ్మరిస్తే చేపకళ్లలాంటి ఉండలు తేలుతాయి. అవి గంటలు తిప్పినా కరగవు, మడ్డిని పిండే ఫిల్టర్ ప్రెస్ గుడ్డను మూసేస్తాయి. మొత్తం చల్లాక ఓ గంట నెమ్మదిగా తిరగనివ్వండి. స్పీడు పెంచితే తొందరగా కరుగుతుందనుకుంటారు గానీ, గొలుసులు తెగి పాలిమర్ పని చేయడం మానేస్తుంది. కలిపిన ద్రావణాన్ని ఆ రోజే వాడెయ్యండి, మహా అయితే మర్నాడు.

నిల్వకు సంబంధించిన ప్రశ్నలో ఇదంతా ఎందుకంటే, దుమ్ము లేచేది, ఒలికేది ఇక్కడే కాబట్టి. సంచిని భుజమెత్తు నుంచి వంచినప్పుడు మెత్తటి పొడి లేస్తుంది. ఫ్యాను ఆపమనండి. డస్ట్ మాస్క్, గాగుల్స్, నైట్రైల్ గ్లవ్స్ చాలు, అంతకన్నా పెద్ద సరంజామా అక్కర్లేదు. కాళ్లకు మాత్రం పట్టున్న సేఫ్టీ షూస్ ఉండాల్సిందే. మీ హౌస్‌కీపింగ్ ఆవిడ వేసుకున్నవి హవాయి చెప్పులే అయితే ఆవిడకూ షూస్ ఇప్పించండి. కంట్లో పడితే పొడి కన్నీళ్లకే ఉబ్బి జిగురుగా అంటుకుంటుంది. నలపకుండా, రెప్పలు విప్పి పట్టుకుని, 15 నిమిషాలు ధారగా నీళ్లు పోయాలి, తర్వాత డాక్టరుకు చూపించాలి. పొడి తగలగానే నీళ్లు ధారాళంగా వాడాల్సిన చోటు అదొక్కటే. నోట్లో పడితే పుక్కిలిస్తే సరిపోతుంది, వాంతి చేయించకూడదు.

సంచులు మంటల్లో చిక్కుకుంటే మంటలార్పే డ్రై పౌడర్ లేదా కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ వాడండి. నీళ్లతో ఆర్పాల్సి వస్తే ఫైర్ సిబ్బందికి ముందే చెప్పండి, ఈ నేల మీద పరుగెత్తొద్దని. పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు, కార్బన్ మోనాక్సైడ్ ఉంటాయి, పొగ మీదికి రాకుండా గాలి వీచి వచ్చే వైపు నిలబడాలి.

ఖాళీ సంచుల గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. గట్టి సంచులని హెల్పర్లు బియ్యానికి, వడ్లకు ఇంటికి పట్టుకుపోతారు. వద్దని చెప్పడం మన బాధ్యత. ఇచ్చేది చిన్న సాయం అనిపిస్తుంది గానీ లోపల అంటిన పొడి ధాన్యంలో కలుస్తుంది, అది ఎవరి పిల్లల కంచంలోకో పోతుంది. రెండుగా కోసి లెక్కపెట్టి వ్యర్థాల గదికి పంపండి. కోసిన సంచిని ఎవరూ అడగరు.

మీ మేనేజర్ గారితో మాట్లాడేటప్పుడు గొడవలా కాకుండా డేటా షీట్ ఆరో సెక్షన్ ముందు పెట్టండి. నేల మీద మనుషులు జారే పదార్థాలు లేకుండా చూడాలన్నది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 32వ సెక్షన్ కాలం నుంచీ ఉన్న మాట అని కూడా చెప్పండి. ట్యాంక్ పక్కన ఒక చీపురు, చేట, ఇసుక బకెట్టు, కళ్లుప్పు డబ్బా, మూత డబ్బా పెట్టడానికి అనుమతి అడగండి. వెయ్యి రూపాయల పైచిలుకు పని. నీళ్ల పైపు అక్కడ చేతికందే దూరంలో ఉంటే ఇంకో మూలకు మార్పించండి. బోర్డు తెలుగులో, హిందీలో, మీ హెల్పర్లు ఒడిశా వాళ్లయితే ఒడియాలో రాయించండి. చదువు రానివాళ్లకు పైపు బొమ్మ వేసి దాని మీద ఎర్ర గీత కొడితే అర్థమవుతుంది.

జారిపడిన ఆవిడ సంగతి మరవకండి. రక్తం రాలేదని యాక్సిడెంట్ రిజిస్టర్‌లో రాయకుండా వదిలేసి ఉంటారు. ఇప్పుడైనా తేదీ, సమయం, చోటు వేసి రాయించండి. కాంట్రాక్టు మనిషైనా ఆవిడకు ఈఎస్ఐ కార్డు ఉండాలి. మోకాలి వాపు ఇంకా తగ్గలేదంటున్నారు కాబట్టి రేపు షిఫ్టు మొదలవగానే ఎక్స్‌రేకి పంపండి.